ఓర్పు నీలం అరలో, న్యాయం పసుపు అరలో: ఒక స్టోయిక్ కార్డుల సెట్టుతో ఆరు నెలలు

నేను తెనాలికి దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 6 నుంచి 8వ తరగతి వరకు సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నైతిక విద్య పేరుతో మా టైంటేబుల్‌లో వారానికి ఒక పీరియడు ఉంటుంది. సిలబస్ వెనకబడిన సబ్జెక్టు టీచరెవరైనా దాన్ని ఎత్తుకుపోతారన్నది ఉపాధ్యాయులందరికీ తెలిసిన రహస్యమే. ఈ ఏడాది ఆ పీరియడును ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టుకుని, 7వ తరగతిలోని 34 మందితో జూలై నుంచి డిసెంబరు దాకా ఒక కార్డుల సెట్టు వాడి చూశాను. ప్రాచీన గ్రీసు, రోముల్లోని స్టోయిక్ తత్వవేత్తలు చర్చించిన ధర్మసందేహాల ద్వారా 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఓర్పు, న్యాయబుద్ధి అలవాటు చేయడం దీని ఉద్దేశం. వెల 1,250 రూపాయలు; సొంత డబ్బుతో కొన్నాను, తయారుచేసినవారితో నాకు పరిచయం లేదు. సెట్టు పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. చిన్న సంస్థ వేసిన మొదటి ముద్రణ ఇది. లోపాలన్నీ వివరంగా ఉత్తరం రాస్తే, రెండో ముద్రణలో దిద్దుతామని వారు జవాబిచ్చారు. అయితే ఆ లోపాలు ఈ ఒక్క సెట్టుకే పరిమితమైనవని నేను అనుకోవడం లేదు కనుక, పిల్లలకు ఇలాంటివి కొనాలనుకునే తల్లిదండ్రులకూ తోటి ఉపాధ్యాయులకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

అట్టపెట్టెలో రెండు అరలున్నాయి. నీలం అరలో ఓర్పుకు సంబంధించిన 24 కార్డులు, పసుపు అరలో న్యాయానికి సంబంధించిన 24 కార్డులు, వాటితోపాటు 2 నిమిషాల ఇసుక గడియారం, తెలుగు, ఇంగ్లీషుల్లో 72 పేజీల మార్గదర్శక పుస్తకం ఇచ్చారు. ప్రతి కార్డుకూ ముందువైపు ఒక సన్నివేశం, వెనకవైపు మూడు ప్రశ్నలు ఉంటాయి. అట్ట నాణ్యత బాగుంది. ఇంతమంది చేతుల్లో ఆరు నెలలు నలిగినా మూలలు మాత్రమే చిరిగాయి. ఇసుక గడియారం మాత్రం ఆగస్టు వానలకే చెమ్మ పట్టి, నడుము దగ్గర ఇసుక గడ్డకట్టి ఆగిపోయింది. రెండు నిమిషాలు ఎంతకీ పూర్తికాకపోతే, ఓర్పుకు ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏముంటుందని పిల్లలే నవ్వారు. ఆ తర్వాత గోడ గడియారంతో సరిపెట్టుకున్నాం.

పుస్తకంలోని పరిచయ అధ్యాయం చక్కగా ఉంది. సైప్రస్ దీవిలోని కిటియం పట్టణానికి చెందిన జెనో ఓడ మునిగి సరుకంతా పోగొట్టుకుని ఏథెన్సు చేరడం, క్రీ.పూ. 300 ప్రాంతంలో అక్కడి బజారు పక్కనున్న బొమ్మల వసారాలో పాఠాలు మొదలుపెట్టడం, అలాంటి స్తంభాల వసారాను గ్రీకులో స్టోయా అంటారు కనుక ఆయన శిష్యులకు స్టోయిక్కులన్న పేరు రావడం, ఇవన్నీ ఒకటిన్నర పేజీలో చెప్పారు. వీధి అరుగు మీద నడిచే బడిని మన పెద్దలు అరుగు బడి అన్నట్టే ఇది కూడా అని నేను ఒక్క వాక్యం చేర్చేసరికి, రెండువేల మూడువందల ఏళ్ల దూరం ఒక్కసారిగా తగ్గిపోయింది. మర్నాడు ఒక కుర్రాడు తన తాతగారింటి అరుగును కొలిచి, దాని మీద పధ్నాలుగు మంది పడతారని లెక్క చెప్పాడు.

తెలుగు భాగం గురించి ముందుగానే చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకాలు ఏ మాధ్యమంలో ఉన్నా మా పిల్లలు వాదించుకునేది తెలుగులోనే. పుస్తకంలోని తెలుగు మొదటి నుంచి చివరిదాకా బిగుసుకుపోయి ఉంది. ఒక అధ్యాయానికి "మీ నియంత్రణ పరిధిలోని అంశాలు, పరిధికి వెలుపలి అంశాలు" అని శీర్షిక పెట్టారు. బానిసగా బతికి తర్వాత స్టోయిక్ గురువైన ఎపిక్టెటస్ దీనికి వాడిన గ్రీకు మాట చాలా సాదాసీదాది. దానికి సరితూగే "మన చేతిలో ఉన్నది, మన చేతిలో లేనిది" అన్న మాట ఇక్కడ ప్రతి ఇంట్లోనూ రోజుకు పదిసార్లు వినపడుతుంది. అలాగే ఓర్పు, ఓపిక, సహనం అన్న మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేశారు. "మా నాయనమ్మకు ఓపిక లేదు" అని మా పిల్లలు అంటే ఆమెకు ఒంట్లో సత్తువ లేదని అర్థం గానీ, ఆమె కోపిష్ఠిదని కాదు, "ఓపికను ఎలా పెంచుకుంటారు?" అన్న ప్రశ్నకు ఇద్దరు పిల్లలు రాగిజావ తాగాలని జవాబు రాస్తే, తప్పు ప్రశ్నదే తప్ప వాళ్లది కాదు. పసుపు కార్డుల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ కనిపించే "నిష్పాక్షికత" అన్న మాట దగ్గర తరగతి మొత్తం నోరు వెళ్లబెట్టింది. నేను దాన్ని కొట్టేసి బోర్డు మీద "తొండి" అని రాశాను. ఆటలో తొండి చేయడమంటే ఏమిటో, అది చేసినవాడి మీద ఎందుకు ఒళ్లు మండుతుందో, తొండి అని అరిచే హక్కు ఎవరికుంటుందో ఏడేళ్ల పిల్లవాడైనా చెప్పగలడు. న్యాయం గురించి పిల్లలకు తెలిసిన మొదటి శాస్త్రం అదే. పుస్తకం దాన్ని వదిలేసి నిఘంటువు పట్టుకుంది.

ఇక కార్డుల సంగతి. ఈ సెట్టులో నాకు అన్నింటికన్నా నచ్చినవి, స్టోయిక్కులు తమలో తాము నిజంగా కీచులాడుకున్న సమస్యల్ని తీసుకుని రాసినవి. క్రీ.పూ. 44లో రోమన్ రాజకీయ నాయకుడు, రచయిత సిసిరో ఏథెన్సులో చదువుకుంటున్న తన కొడుకును ఉద్దేశించి కర్తవ్యాల మీద రాసిన గ్రంథం మూడో భాగంలో ఇవి కనిపిస్తాయి. రోడ్స్ దీవిలో కరువు. ధాన్యం ధర ఆకాశంలో ఉంది. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడ నిండా ధాన్యంతో వచ్చాడు. తన వెనకే మరికొన్ని ధాన్యపు ఓడలు వస్తున్నాయని దారిలో చూసిన అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. ఆ సంగతి చెప్పి తక్కువకు అమ్మాలా, చెప్పకుండా ఎక్కువకు అమ్ముకోవాలా? బాబిలోనియాకు చెందిన డయోజెనిస్, చట్టం చెప్పమన్న లోపాలు చెబితే చాలని, చెప్పకుండా ఊరుకోవడం వేరు, దాచడం వేరని వాదించాడు. ఆయన శిష్యుడే అయిన ఆంటిపేటర్, అమ్మేవాడికి తెలిసినదంతా కొనేవాడికీ తెలియాలన్నాడు. గురువూ శిష్యుడూ ఇద్దరూ స్టోయిక్కులే, ఇద్దరూ పేరున్నవాళ్లే, అయినా ఒప్పందానికి రాలేదు. నీతి పాఠమంటే జవాబు ముందే ఖాయమైపోయిన కథ అనుకునే పిల్లలకు, పెద్దలు కూడా ఇలా తేల్చుకోలేకపోయారని తెలియడమే ఒక విడుదలలాంటిది.

ఈ కార్డుకు నేను ఒక పీరియడు కేటాయించుకుంటే మూడు పట్టాయి. మొదటి పీరియడులో తరగతి దాదాపు చెరిసగంగా చీలింది. "అడిగితే చెప్పాలి, అడగకపోతే అక్కర్లేదు" అన్న వర్గం కొంచెం బలంగా ఉంది. రెండో వారం ఒక అమ్మాయి లేచి సమస్యను తిరగేసింది. వాళ్ల నాన్న పసుపు వేస్తారు, దుగ్గిరాల యార్డుకు తోలతారు. "టీచర్, మా దగ్గర తెలిసేది కొనేవాళ్లకే. రేపు రేటు పెరుగుతుందని వాళ్లకు ముందే ఫోన్లు వస్తాయి. మాకు చెప్పకుండా ఇవాళే కొనేస్తారు. అప్పుడు ఎవరు చెప్పాలి?" అని అడిగింది. కార్డు రాసినవారు వర్తకుణ్ణి అమ్మేవాడిగానే ఊహించుకున్నారు. రైతు బిడ్డలకు వర్తకుడు కొనేవాడు. ఆశ్చర్యమేమిటంటే సిసిరో దగ్గర ఈ రెండో వైపు కూడా ఉంది: బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతున్నవాడికి, అది బంగారమని తెలిసిన మంచివాడు చెప్పాలా, లేక వెయ్యి దీనారాల సరుకును ఒక్క దీనారానికి కొనుక్కుపోవాలా అన్న ప్రశ్న ధాన్యపు ఓడ తర్వాత అదే భాగంలో వస్తుంది. సెట్టులో ఈ ప్రశ్న లేదు. నేను చేత్తో రాసి చేర్చుకున్నాను. అంతకు ముందు వారం "అడగకపోతే అక్కర్లేదు" అన్నవాళ్లలో సగానికి సగం మంది ఈసారి గొంతు మార్చారు, మిగిలినవాళ్లు "మరి పోయిన వారం అలా ఎందుకన్నావు?" అని వాళ్లను నిలదీశారు. ఆ నిలదీతను మించిన న్యాయపాఠం నా పాతికేళ్ల సర్వీసులో నేను చెప్పినట్టు గుర్తు లేదు.

ఓడ పగిలినప్పటి చెక్క గురించిన కార్డు ఇంకొకటి. ఇద్దరు జ్ఞానులు నీళ్లలో ఉన్నారు, ఒక్కరినే మోయగల చెక్క ఒక్కటే ఉంది, ఎవరు వదలాలి? కార్డు ఇక్కడితో ఆపి "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడుగుతుంది. మావాళ్లు ఐదు నిమిషాలు గింజుకుని, ఎవరి వల్ల ఊరికి ఎక్కువ ఉపయోగమో వాళ్లకు ఇవ్వాలన్నారు. ఇద్దరి వల్లా ఒకే అంత ఉపయోగమైతే ఏం చేయాలని నేను గుచ్చితే, వెనక బెంచీ నుంచి "పంటలు వేసుకోవాలి టీచర్" అని జవాబు వచ్చింది. నవ్వులాటగా అన్నాడేమో తెలియదు గానీ, రోడ్స్‌కు చెందిన స్టోయిక్కు హెకాటన్ ఇచ్చిన జవాబూ అక్షరాలా అదే. ఇద్దరూ సమానమైతే చీటీ వేసుకున్నట్టో, చేతివేళ్లు చాపి ఆడే ఆటలో ఓడిపోయినట్టో ఒకరు పక్కకు తప్పుకుంటారని ఆయన అన్నట్టు సిసిరో రాశాడు. ఇంత విలువైన ముగింపును కార్డు వెనకైనా అచ్చు వేయకపోవడం అన్యాయం. తాము ఎవరు ముందు బ్యాటింగు చేయాలో తేల్చుకునే పద్ధతికి అంత ప్రాచీన సాక్ష్యం ఉందని చెప్పినప్పుడు ఆ తరగతి ముఖాలు చూసి తీరాలి.

నీలం అర దగ్గరకు వచ్చేసరికి నా అభిప్రాయం మారుతుంది. అందులోనూ మంచివి లేకపోలేదు. కోపానికి గొప్ప మందు ఆలస్యమేనన్న రోమన్ స్టోయిక్కు సెనెకా మాట ఆధారంగా చేసిన ఆరు కార్డులు బాగా పనిచేశాయి. పద్ధతి చిన్నదే: ఎవరి మీదైనా ఫిర్యాదు ఉన్న పిల్లవాడు దాన్ని కాగితం మీద రాసి, రెండు నిమిషాలు ఆగి, తర్వాత చదివి వినిపించాలి. సెప్టెంబరు నాటికి, రాసిన ఫిర్యాదుల్లో కొన్నింటిని రాసినవాళ్లే చించేయడం నేను కళ్లారా చూశాను. "ఆలస్యం అమృతం విషం అంటారు కదా టీచర్, మరి ఈయన ఇలా అన్నాడేమిటి?" అని ఒకరు అడిగితే, ఏ పనికి ఆలస్యం విషమో ఏ పనికి మందో జాబితా రాయమన్నాను, అప్పు తీర్చడం, క్షమాపణ చెప్పడం ఒక వైపు, కొట్టడం, తిట్టడం, వాట్సాప్ మెసేజీ పెట్టడం ఇంకో వైపు వచ్చాయి. తల్లిదండ్రులు ఇంట్లో పనికొస్తుందని గుర్తుపెట్టుకోదగినది కూడా సెనెకా దగ్గరే ఉంది: ఏడ్చినప్పుడు ఇవ్వననుకున్నదాన్ని పిల్లవాడు ఊరుకున్నాక ఇవ్వమంటాడు ఆయన. పుస్తకం 41వ పేజీలో అది రెండు పంక్తుల్లో ఉంది, చాలు.

రాత్రి దీపం తీసేశాక ఆ రోజు తాను చేసినవీ అన్నవీ ఒక్కొక్కటిగా తలచుకుని తనను తానే విచారించుకునే అలవాటు గురించి కూడా సెనెకా రాశాడు. ఇంత ఆంతరంగికమైన విషయాన్ని నక్షత్రాలు అతికించే చార్టుగా మార్చడం ఎవరి ఆలోచనో గానీ బెడిసికొట్టింది. శుక్రవారం సాయంత్రం ఏడు రోజుల నక్షత్రాలూ ఒకేసారి అతికించేసి, రాబోయే శని, ఆదివారాల్లో కూడా తాము ఓర్పుగా ఉన్నట్టు ముందే ధ్రువీకరించిన వాళ్లు నాకు కనీసం తొమ్మిది మంది కనిపించారు. మూడో వారానికి చార్టు తీసేశాను.

అసలు చిక్కు విందు కార్డు దగ్గర మొదలైంది. ఎపిక్టెటస్ చెప్పిన పోలిక అది: విందులో పళ్లెం నీ దగ్గరకు వస్తే చేయి చాపి మర్యాదగా కొంచెం తీసుకో, దాటిపోతే పట్టి ఆపకు, ఇంకా రాకపోతే దాని మీదే మనసు పెట్టుకోకుండా వేచి ఉండు. మన బంతి భోజనానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు కనుక నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజు కావడంతో ఉదాహరణ కూడా చేతిలోనే ఉంది. అప్పుడు ముందు వరుసలోని ఒక అమ్మాయి, ఏ వ్యంగ్యమూ లేకుండా, మామూలుగా అంది: "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు. మనవాడు కాకపోతే?" తరగతి గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన సామెత ఎపిక్టెటస్ పోలికలోని ఖాళీ మీద నేరుగా వేలు పెట్టింది. వేచి ఉండడం సద్గుణం కావాలంటే వడ్డన సక్రమంగా జరగాలి. బంతి చివర కూర్చున్నవాడికి ఎప్పుడూ గుడ్డు అయిపోతుంటే, అతనికి ఓర్పు నేర్పడం కన్నా ముందు గరిట పట్టుకున్నవాడికి న్యాయం నేర్పాలి. ఈ సెట్టు ఓర్పును నీలం అరలోనూ న్యాయాన్ని పసుపు అరలోనూ పెట్టి, నీలం మొత్తం పూర్తయ్యాకే పసుపు తెరవమని గట్టిగా చెబుతుంది. పిల్లల జీవితంలో ఆ రెండూ ఒకే కంచంలో వస్తాయి.

ఆ తర్వాతి వారమే ఒక కుర్రాడి జామెట్రీ బాక్సు పోయింది. కొత్తది, జూన్‌లో కొన్నది. అతను నాతో చెప్పబోతుండగానే పక్కవాడు నీలం కార్డు ఒకటి తీసి చూపించాడు: ఎపిక్టెటస్ ఇంట్లో దేవుడి గూటి దగ్గరి ఇనుప దీపాన్ని దొంగ ఎత్తుకుపోతే, రేపు మట్టి దీపం కొనుక్కుంటే సరి, ఉన్నవాడే పోగొట్టుకుంటాడని ఆయన అనుకున్న కథ. "చేతిలో లేనిదాన్ని వదిలెయ్యాలిరా" అన్నాడు పక్కవాడు, అచ్చం పుస్తకంలోని గొంతుతో. పోగొట్టుకున్నవాడు కాసేపు కార్డు చూసి, "ఆయన ఇంకోటి కొనుక్కున్నాడు టీచర్. మా ఇంట్లో ఇంకోటి కొనరు" అన్నాడు. కార్డులోని ప్రశ్నలు మూడింటిలో ఒక్కటి కూడా దొంగ గురించి గానీ, దొంగను చూసి ఊరుకున్నవాళ్ల గురించి గానీ అడగదు. ఆ కథలో ఎపిక్టెటస్ మాట్లాడింది తన నష్టం గురించి, తన మనసుతో తాను. అదే మాటను ఇంకొకడి నష్టం మీద ప్రయోగిస్తే అది నోరు మూయించడం అవుతుంది, ఓర్పు కాదు. ఈ తేడాను పుస్తకం ఎక్కడా చెప్పలేదు. జామెట్రీ బాక్సు ఇప్పటికీ దొరకలేదు. ఆ మట్టి దీపాన్ని మాత్రం ఎపిక్టెటస్ చనిపోయాక ఒక అభిమాని 3,000 ద్రాక్మాలు పోసి కొన్నాడని వ్యంగ్య రచయిత లూషియన్ వెక్కిరిస్తూ రాసిన ముక్క చెబితే, ఆ కుర్రాడు కూడా కొంచెం నవ్వాడు.

నీలం అరలో నేను అసలు వాడని కార్డు కాలి విరుపు కథ. ఎపిక్టెటస్ బానిసగా ఉన్నప్పుడు యజమాని అతని కాలు మెలిపెడుతుంటే "విరుగుతుంది" అని శాంతంగా చెప్పాడని, విరిగాక "చెప్పానుగా" అని మాత్రమే అన్నాడని కథ. ఆయన కుంటివాడన్నది నిజమే, తనను ముసలి కుంటివాడినని ఆయనే చెప్పుకున్నాడు. కానీ శిష్యుడు ఆర్రియన్ రాసి ఉంచిన పాఠాల్లో ఈ కథ లేదు, తర్వాతి కాలపు రచనల్లో వస్తుంది, కీళ్ల జబ్బు వల్ల కుంటి అయ్యాడని చెప్పేవాళ్లూ ఉన్నారు. చరిత్ర సంగతి అలా ఉంచినా, తనను హింసిస్తున్న పెద్దవాడి ముందు కిమ్మనకుండా నిలబడ్డ మనిషిని పన్నెండేళ్ల పిల్లలకు ఆదర్శంగా చూపించే కార్డును ఏ టీచరూ తరగతిలోకి తీసుకెళ్లకూడదు. అలాంటి పెద్దవాళ్లు కొందరు పిల్లల ఇళ్లలోనే ఉంటారు.

చిత్రమేమిటంటే, ఈ లోపానికి విరుగుడు స్టోయిక్కుల దగ్గరే ఉంది. వాళ్లు సద్గుణాలను వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అని నాలుగుగా విభజించి, ఓర్చుకునే గుణాన్ని ధైర్యం కింద పెట్టారు. పుస్తకంలోని పట్టికలో అది నిగ్రహం కింద ఉంది. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ పాఠం స్వభావమే మారిపోతుంది. నిగ్రహం కింద పెడితే ఓర్పు అంటే అణుచుకోవడం. ధైర్యం కింద పెడితే ఓర్పు అంటే నిలబడడం, న్యాయమైనదాని కోసం ఎంతసేపైనా నిలబడడం. నేను ఆ పట్టికను కొట్టేసి, రెండు అరల కార్డుల్నీ కలిపి, పేకముక్కల్లా కలేసి, ఒక నీలం పక్కన ఒక పసుపు వచ్చేలా జతలు కట్టాను. విందు కార్డు పక్కన ధాన్యపు ఓడ. దీపం కార్డు పక్కన దొంగనాణెం: తెలియక చేతికొచ్చిన నకిలీ నాణేన్ని, తెలిశాక ఇంకొకరికి అంటగట్టవచ్చా అన్న ప్రశ్న. (డయోజెనిస్ పరవాలేదన్నాడు, ఆంటిపేటర్ కుదరదన్నాడు; చిరిగిన ఇరవై రూపాయల నోటును మడతపెట్టి బస్సు కండక్టరుకు ఇచ్చిన అనుభవం ఉన్న నేను ఆ రోజు కొంచెం తక్కువ మాట్లాడాను.) అక్టోబరు తర్వాత జరిగిన పాఠాలన్నీ ఈ జతలతోనే నడిచాయి, నా దృష్టిలో సెట్టు విలువ అప్పుడే బయటపడింది.

పసుపు అరలోని చివరి నాలుగు కార్డులు హయెరోక్లీస్ వలయాల మీద ఉన్నాయి. క్రీ.శ. 2వ శతాబ్దపు ఈ స్టోయిక్కు, ప్రతి మనిషి చుట్టూ ఒకదాని బయట ఒకటిగా వలయాలుంటాయని, తాను, ఇంటివాళ్లు, బంధువులు, ఊరివాళ్లు, దేశం, చివరికి మనుషులంతా అలా ఉంటారని, బయటి వలయంలోనివారిని ఒక్కో వలయం లోపలికి లాక్కోవడమే మనం చేయవలసిన పని అని చెప్పాడు. అందుకు ఆయన సూచించిన ఉపాయాల్లో ఒకటి పిలుపు మార్చుకోవడం: పెదనాన్న, బాబాయి పిల్లల్ని సోదరులని పిలవమంటాడు, తల్లిదండ్రుల తోబుట్టువుల్ని తండ్రులని, తల్లులని పిలవమంటాడు. పుస్తకం దీన్ని ఒక వింత ఆచారంగా పరిచయం చేసింది. తెలుగులో పుట్టిన ఏ పిల్లకైనా ఇందులో వింత ఏముంది? నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ల పిల్లలు అన్నలు, చెల్లెళ్లు. బస్సులో పక్క సీటు ముసలాయన తాత, కూరగాయలమ్మే ఆమె పిన్ని. హయెరోక్లీస్ కష్టపడి ప్రతిపాదించిన పని మన భాష అడక్కుండానే చేసి పెట్టింది. ఇంత సులువుగా అందివచ్చే వంతెనను తెలుగు పుస్తకంలోనే వాడుకోకపోవడం నాకు చాలా లోటుగా అనిపించింది.

అయితే పిలుపు ఒక్కటే సరిపోదని కూడా ఆ రోజే తెలిసింది. మైదానంలో సుద్దపొడితో వలయాలు గీసి, ఎవరు ఎక్కడుంటారో రాసిన చీటీలు పెట్టమన్నాను. ఊళ్లో ఇళ్లున్న ఒక పిల్లవాడు, తనతో రోజూ ఒకే బెంచీలో కూర్చునే స్నేహితుణ్ణి రెండో వలయంలో పెట్టి, ఆ స్నేహితుడు ఉండే కాలనీని మాత్రం దేశం దగ్గరి వలయంలో పెట్టాడు. రెండు చీటీల మధ్య దూరం మూడు బారలు. బడి నుంచి ఆ కాలనీకి నడక పది నిమిషాలు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ స్నేహితుడే వెళ్లి చీటీ తీసి లోపలికి జరిపాడు, కొంచెమే, ఒక్క వలయం. తయారుచేసినవారికి నేను రాసిన ఉత్తరంలో ఈ కార్డులకు పూర్తి మార్కులు వేశాను.

ఇంకో రెండు చిన్న విషయాలు. సెనెకా క్రీ.శ. 49లో, తర్వాత రోమన్ చక్రవర్తి అయిన నీరోకు గురువుగా కుదిరాడనీ, 65లో ఆ శిష్యుడి ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకోవలసి వచ్చిందనీ పుస్తకం చెప్పదు. కోపం గురించి అంత బాగా రాసినాయన శిష్యుడు అలా ఎందుకయ్యాడన్న ప్రశ్న తరగతిలో తప్పకుండా వస్తుంది, టీచరు ముందే సిద్ధపడి వెళ్లడం మంచిది. రోమన్ చక్రవర్తి, స్టోయిక్కు అయిన మార్కస్ అరీలియస్ కార్డులు ఐదింటిలో నాలుగు పోస్టరు మీద రాసుకునే మాటల్లా ఉన్నాయి తప్ప వాటిలో సందిగ్ధమేదీ లేదు. మహమ్మారి, యుద్ధాలు రెండూ ఎదుర్కొన్న చక్రవర్తి దగ్గర నిజమైన చిక్కులకు కొదవుంటుందా?

మొత్తానికి కొనాలా అంటే, ఇంట్లో ఒక్క పిల్లవాడికి కొనేవారికి 1,250 రూపాయలు ఎక్కువే. వాదించడానికి రెండో మనిషి లేకపోతే ఈ కార్డులు సగం పనిచేయవు. బడికి, అపార్ట్‌మెంటు పిల్లల బృందానికి, సెలవుల్లో ఊరికొచ్చే అన్నదమ్ముల పిల్లలకు నిస్సంకోచంగా కొనవచ్చు. 6వ తరగతికి పసుపు కార్డులతోనే మొదలుపెట్టండి. తెలుగు భాగాన్ని పిల్లలకు చదివి వినిపించకుండా, ముందు మీరు చదువుకుని మీ మాటల్లో చెప్పండి. వారానికి ఒక్క కార్డు చాలు. నేను రెండు పెట్టిన రోజుల్లో రెండూ పాడయ్యాయి.

కాలి విరుపు కార్డుతో కలిపి 7 కార్డులకు రబ్బరు బ్యాండు వేసి స్టాఫ్ రూము బీరువాలో పెట్టాను. పిల్లలు రాసిన 5 కొత్త కార్డులు పెట్టెలో చేరాయి. వాటిలో మొదటిదాని మీద "యార్డులో రేటు తెలిసినవాడు" అని ఉంది, వెనకవైపు ప్రశ్నలు మూడు కాదు, నాలుగు.